పఫ్‌లో దాచిన క్యారెట్

ఈమధ్య ఏ పత్రికలో వంటల పేజీ తిప్పినా, ఏ వంటల వీడియో తెరిచినా ఒక సలహా తప్పకుండా ఎదురవుతోంది. మీ పిల్లలు కూరగాయలు ముట్టడం లేదా? క్యారెట్, పాలకూర ఉడికించి మెత్తగా మిక్సీ పట్టండి. ఆలుగడ్డ కూరలో కలిపేసి, పఫ్‌లో పెట్టి ఓవెన్‌లో కాల్చండి. పొరలు పొరలుగా, ఎర్రగా వచ్చిన పఫ్‌ని చూస్తే పిల్లలు ఎగబడి తింటారు. లోపల ఏముందో వాళ్ళకి తెలియనే తెలియదు! ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి చెప్పేవాళ్ళ గొంతులో ఒక హుషారు వస్తుంది. ఆ వంటకంలో అసలు దినుసు అదే మరి. మైదా, వెన్న, ఉప్పు, కాస్త గరం మసాలా, వాటితోపాటు ఒక చిన్న అబద్ధం. ఆ అబద్ధం ఆడవలసింది ఎప్పుడూ అమ్మే.

పఫ్ మీద కూడా వ్యాసం రాయాలా అని నవ్వేవాళ్ళుంటారు. వంటింటి గురించి ఆడవాళ్ళు గట్టిగా మాట్లాడిన ప్రతిసారీ వినిపించే నవ్వే అది. విమల 'వంటిల్లు' కవిత చదువుకుని పెరిగిన తరం మనది. ఆడవాళ్ళ జీవితం అక్కడ ఎలా ఆవిరైపోతుందో మనకి కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఆ తర్వాత వంటిల్లు మారింది. పొయ్యి పోయి ఓవెన్ వచ్చింది. మసిగోడలు పోయి టైల్స్ వచ్చాయి. అత్తగారి అజమాయిషీ కొంత తగ్గి, ఆ ఖాళీలోకి పోషకాహార నిపుణుల అజమాయిషీ వచ్చి కూర్చుంది. ఇప్పుడు వండితే చాలదు, వండినదాన్ని దాచడం కూడా రావాలి. నా అభ్యంతరం ఈ కొత్త చాకిరీ మీద. పఫ్‌లో దాగేది క్యారెట్ ఒక్కటే అయితే నాకు పేచీ లేదు. ఆ పొరల కింద తల్లి శ్రమ, తండ్రి నిరాకరణ, బిడ్డకి ఉండాల్సిన హక్కు మూడూ కలిసి మరుగున పడిపోతున్నాయన్నదే నా వాదన.

ముందు చాకిరీ సంగతి చూద్దాం. ఇంట్లో పఫ్ చేయడమంటే బజారునుంచి తెచ్చిన షీటు పరిచి కూర పెట్టడం కాదు. (అలా చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ తెలివి మీద నాకు గౌరవమే.) మైదా తడిపి నానబెట్టాలి. వెన్నని పల్చగా పరిచి పిండిలో పెట్టి మడవాలి. కర్రతో ఒత్తాలి, మళ్ళీ మడవాలి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి, తీసి మళ్ళీ ఒత్తాలి. ఇలా నాలుగుసార్లు. హైదరాబాదు ఎండల్లో వెన్న కరిగి పిండిలో కలిసిపోయిందంటే పొరలు రావు, బిస్కట్టు వస్తుంది. ఇక లోపలి కూర. పేస్టులో నీరుంటే పఫ్ అడుగు మెత్తబడి ముద్దవుతుంది కాబట్టి దాన్ని విడిగా పొయ్యి మీద పెట్టి దగ్గరపడేదాకా కలుపుతూ నిలబడాలి. పాలకూర కాస్త ఎక్కువైతే రంగు బయటపెడుతుంది. బీట్‌రూట్ సంగతి అడగనే వద్దు, ఆ ఎరుపు ఏ మైదాకీ లొంగదు. కాబట్టి ఎంత తక్కువ వేస్తే అంత క్షేమం.

నేనూ నా స్నేహితురాలూ ఒక ఆదివారం కాటా పక్కన పెట్టుకుని లెక్క వేశాం. పిల్లలు పసిగట్టకుండా పన్నెండు పఫ్‌లలో పట్టింది 100 గ్రాముల క్యారెట్, 50 గ్రాముల పాలకూర. పఫ్ ఒక్కింటికి పన్నెండున్నర గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు చెబుతున్నాయి. పిల్లలకి అంత అక్కర్లేదు, నిజమే. కానీ ఈ పన్నెండున్నర గ్రాముల్ని లోపలికి పంపడానికి తోడుగా వెళ్ళే మైదా, వెన్నల బరువు దానికి మూడున్నర రెట్లు! పచ్చి క్యారెట్ ముక్కలు రెండు కొరికితే సరిపోయే దానికి ఒక ఆడమనిషి మధ్యాహ్నమంతా పోయింది. 2024లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం ఈ దేశంలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే కొద్దిమంది మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. కూరని దాచే పనికి ఆ సర్వేలో విడిగా గడి లేదు. పనిగా కనబడకుండా ఉండటమే ఆ పని లక్షణం కదా, గడి ఎలా ఉంటుంది!

ఈ దాపరికపు వంటకి ఒక సాహిత్యం కూడా ఉంది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా కన్ను అటు పోయింది. 2007లో అమెరికాలో ఆరునెలల తేడాతో రెండు పుస్తకాలు వచ్చాయి. మొదటిది మిస్సీ చేజ్ లపైన్ రాసిన 'ది స్నీకీ షెఫ్', అంటే దొంగచాటు వంటమనిషి. రెండోది జెస్సికా సైన్‌ఫెల్డ్ రాసిన 'డిసెప్టివ్లీ డెలిషియస్'. దాని పేరులోనే మోసమూ రుచీ పక్కపక్కన కూర్చున్నాయి. చాక్లెట్ బ్రౌనీలో పాలకూర, క్యారెట్ గుజ్జు కలిపేయడం ఈ పుస్తకాల వరస. రెండోది ఓప్రా విన్‌ఫ్రే కార్యక్రమానికి ఎక్కి విపరీతంగా అమ్ముడుపోయింది. లపైన్ అంతకుముందు తన పుస్తకాన్ని హార్పర్‌కాలిన్స్‌కి పంపితే వాళ్ళు వద్దన్నారు. సైన్‌ఫెల్డ్ పుస్తకం వేసింది కూడా వాళ్ళే. లపైన్ 2008 జనవరిలో కోర్టుకి వెళ్ళింది. 2009లో జిల్లా కోర్టు, 2010లో అప్పీలు కోర్టు ఆమె వాదనని కొట్టేశాయి. కూరగాయల గుజ్జు దాచిపెట్టుకుని పిల్లల తిండిలో రహస్యంగా కలపడం ఒక ఆలోచన మాత్రమే, దానికి కాపీరైటు ఉండదు అన్నాయి. చట్టం ప్రకారం సరైన తీర్పే కావచ్చు. తల్లులు చేసే మోసం అందరిదీ, ఎవరి సొత్తూ కాదని న్యాయస్థానం ముద్ర వేసిందన్నమాట. ఈ గొడవలో రెండో పుస్తక రచయిత్రి భర్త, పేరున్న హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్, టీవీలో కూర్చుని లపైన్‌ని పిచ్చిదన్నాడు. మూడు ముక్కల పేరున్నవాళ్ళే హంతకులవుతారని జోకు వేశాడు. ఆమె వేసిన పరువునష్టం దావా కూడా 2011లో కొట్టేశారు. ఇద్దరు ఆడవాళ్ళు క్యారెట్ గుజ్జు కోసం కొట్టుకుంటే నవ్వించి పోయినవాడు మగవాడు.

నన్ను ఎక్కువగా ఆపింది తీర్పు కాదు, అట్టమీది బొమ్మ. లపైన్ పుస్తకపు బొమ్మలో వంటమనిషి కన్ను గీటుతూ, పెదవుల మీద వేలు పెట్టుకుని, వీపు వెనక క్యారెట్లు దాచుకుని నిలబడి ఉంటుంది. రెండో పుస్తకం అట్ట మీదా కన్ను గీటే ఆడమనిషే, క్యారెట్లే. పెదవుల మీది ఆ వేలు మనకి కొత్త కాదు. మన దగ్గర దానికి 'గుట్టు' అని పేరు. ఇంటిగుట్టు కాపాడేది ఇల్లాలు. భర్త అప్పులు, మరిది తాగుడు, వంటిమీది దెబ్బలు గుట్టుగా పెట్టుకున్నదాన్ని ఇల్లు నిలబెట్టిందని మెచ్చుకుంటారు. అదే గుట్టుని ఇప్పుడు టిఫిన్ డబ్బాలోకి తెచ్చారు. మెప్పు కూడా అదే. "నువ్వు ఎంత తెలివైనదానివమ్మా, పిల్లాడికి తెలియకుండా పాలకూర తినిపించేశావు!"

మరి తండ్రి ఏం తింటున్నాడు? ఈ వంటకాలు చెప్పే చోట్ల ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ కనబడలేదు. బీరకాయ వండితే మొహం చిట్లించే మగవాళ్ళు మన ఇళ్ళల్లో కోకొల్లలు. "ఆయనకి కాకరకాయ పడదు." "మావాడికి చిన్నప్పట్నుంచీ సొరకాయ సయించదమ్మా, వాడికి ఇంత వేపుడు చేసిపెట్టు." అత్తగారు కోడలికి అప్పజెప్పే ఈ జాబితాలో కొడుకు ఇష్టాయిష్టాలకి ఎంత మర్యాద! మగవాడు వద్దంటే అది అభిరుచి. పిల్లలు వద్దంటే మొండితనం. ఇల్లాలు వద్దనడానికి అసలు సందర్భమే రాదు, ఎందుకంటే చివర్లో గిన్నెలో మిగిలిందే ఆమె ఇష్టం. మీకు ఏ కూర ఇష్టం అని అడిగితే తడుముకునే ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. రోజూ భోజనాల దగ్గర నాన్న కూరని కంచం అంచుకి నెట్టడం చూసే పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? కూరని నెట్టేయడం పెద్దరికమని నేర్చుకుంటాడు. ఆ పాఠాన్ని తుడిచేయడానికి వంటింట్లో ఆవిడ పేస్టు చేస్తూ ఉంటుంది. నాన్నని ఎవరూ ఏమీ అనక్కర్లేకుండా, ఇంట్లో పేచీ లేకుండా, అందరి ప్రశాంతతకీ ఆవిడే పూచీ. పఫ్ దాచేది అసలు ఈ సంగతిని.

మా అక్క కూతురికి ఆరేళ్ళు. పోయిన సెలవుల్లో అక్క చేసిన పఫ్ కొరికి ఆగిపోయింది. "అమ్మా, ఇందులో ఏముంది?" అంది. "ఏంలేదురా కన్నా, ఆలుగడ్డే, తిను" అంది అక్క. పిల్ల పొరలు విప్పి ఆకుపచ్చ ఈనె ఒకటి లాగింది. "పిన్నీ, ఇది ఆకు కదా?" అని నావైపు చూసింది. పాలకూర అని చెప్పాను. అక్క నామీద రెండు రోజులు అలిగింది, అది వేరే విషయం. ఆ తర్వాత నెలరోజులు ఆ పిల్ల ఇడ్లీని కూడా విప్పి చూసుకుని తినేది. పూరీ పొంగుకి చిల్లు పెట్టి లోపలికి తొంగి చూసేది. పాలకూర మీద పెరిగిన అయిష్టం అంతా ఇంతా కాదు. కానీ దానికంటే ఆ తొంగిచూపే నాకు బాధగా అనిపించింది. తల్లి చేతి ముద్ద మీద బిడ్డకి అనుమానం రావడం చిన్న నష్టమా?

తినిపించడంలో మాయ చేయడం మనకి ఎప్పుడూ ఉన్నదే కదా అనవచ్చు. చందమామని చూపించి గోరుముద్దలు తినిపించిన జాతి మనది. కాకి ముద్ద, పిల్లి ముద్ద అని కథలు కట్టినవాళ్ళం. కానీ అక్కడ మాయ అంతా బయటే ఉంది. ముద్దలో ఏముందో పిల్లకి కనబడుతూనే ఉంటుంది. అది ఇద్దరూ కలిసి ఆడే ఆట. పఫ్‌లో పేస్టు ఒకళ్ళే ఆడే ఆట.

ఇంకో వైపు చూడండి. కేకులో గుడ్డు ఉందా అని బేకరీలో ముమ్మారు అడిగి కొనే కుటుంబాలే ఇవి. పొట్లం మీద పచ్చచుక్క ఉందా, గోధుమరంగు త్రికోణం ఉందా అని తిప్పి చూసేదీ వీళ్ళే. గుడ్డూ మాంసమూ తెలియకుండా నోట్లోకి పోతే ఎంత ఘోరమో అని పెద్దవాళ్ళ కోసం చట్టాలు చేసుకున్నాం. ఆ ఆగ్రహంలో కులం పాలెంతో మనకి తెలుసు, దాన్ని ఇక్కడ విప్పబోను. పెద్దవాళ్ళకి తమ నోట్లోకి ఏం పోతోందో తెలుసుకోవడం అంత పవిత్రమైన హక్కయినప్పుడు ఆరేళ్ళ పిల్లకి అది ఎందుకు లేదు? 'నీ మంచికే కదా' అంటారు. ఆ మాట మనం ఎక్కడెక్కడ విన్నాం? సంబంధం ఖాయం చేసి ఆఖర్న చెప్పినప్పుడు విన్నాం. కాగితం మీద ఏముందో చదవనివ్వకుండా సంతకం పెట్టించుకున్నప్పుడు విన్నాం. గర్భసంచి తీసేయాలని డాక్టరు భర్తతో మాట్లాడి, ఆమెతో మాట్లాడనప్పుడు విన్నాం. తన శరీరంలోకి ఏది వెళ్ళాలో, అందులోంచి ఏది తీసేయాలో తనకి చెప్పకుండా నిర్ణయించే ప్రేమని మనం ముప్పై నలభై ఏళ్ళుగా ప్రశ్నిస్తున్నాం. అదే ప్రేమని మన చేతుల్తో ఆడపిల్లలకి టిఫిన్ డబ్బాలో కట్టి పంపుదామా?

నా స్నేహితురాలు, అదే కాటా పట్టుకున్నావిడ, ఇక్కడ నన్ను ఆపింది. "నీకేం, సిద్ధాంతాలు చెప్తావు. నా కొడుకు మూడు రోజులకోసారి బాత్రూంలో ఏడుస్తాడు. పీచు వాడి కడుపులోకి ఎలాగో పోవాలి. నేను ఆఫీసునుంచి ఏడింటికి వస్తాను. వాడితో చర్చ పెట్టే ఓపిక నాకు లేదు" అంది. ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. దాచడం వల్ల ఫలితమే లేదని కూడా నేను అనను. 2011లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బడికి వెళ్ళే వయసు రాని పిల్లలకి రొట్టెలో, పాస్తాలో కూరగాయల గుజ్జు కలిపి పెట్టి చూశారు. వాళ్ళు తిన్న కూరగాయలు బాగానే పెరిగాయి. కానీ ఆ పరిశోధకుల్లోనే ఒకరైన లియాన్ బర్చ్ 1980లలో చేసిన పనిని ఈ వంటకాలు చెప్పేవాళ్ళు ఎత్తరు. కొత్త రుచిని పిల్లలు మొదట వద్దనడం సహజమనీ, రెండేళ్ళనుంచి ఆరేళ్ళ దాకా ఆ భయం ఎక్కువనీ, అదే పదార్థం పదేపదే, బలవంతం లేకుండా, రుచి చూడటానికి ఎదురుగా ఉంటే క్రమంగా ఇష్టం పెరుగుతుందనీ బర్చ్ వంటి వాళ్ళ పరిశోధనలు చూపించాయి. తింటే బహుమతి ఇస్తామంటే ఆ పదార్థం మీద ఇష్టం తగ్గుతుందని కూడా. దాచిన పాలకూరతో బిడ్డకి పరిచయమే జరగదు. వందసార్లు తిన్నా పాలకూర ఆ బిడ్డకి అపరిచితురాలే.

ఇంకా వెనక్కి వెళ్తే క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు ఉంది. 1920లలో అమెరికాలో, అప్పుడే పాలు మాన్పించిన పిల్లల ముందు ముప్పైకి పైగా పదార్థాలు పెట్టి వాళ్ళనే ఎంచుకోనిచ్చింది. చెంచా పట్టుకున్న నర్సు పిల్ల వేలు చూపించేదాకా కదలకూడదు. మెచ్చుకోకూడదు, విసుక్కోకూడదు. పదిహేనుమంది పిల్లలు తలా ఒక రకంగా, పెద్దవాళ్ళు ఊహించని తిక్క కాంబినేషన్లలో తిని చక్కగా పెరిగారు. రికెట్స్‌తో వచ్చిన ఒక బిడ్డ తన ముందు పెట్టిన కాడ్‌లివర్ నూనెని తనంతట తానే తాగి, జబ్బు తగ్గాక మానేశాడు. అసలు కిటుకు ఆ పదార్థాల జాబితాలోనే ఉందని డేవిస్ స్వయంగా చెప్పింది. అందులో పంచదార లేదు, మైదా లేదు. ఆ పిల్లలు ఎక్కువమంది పెంచుకోలేని పేద తల్లుల బిడ్డలు కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సంపన్నుల బిడ్డల మీద అటువంటి ప్రయోగం ఎవరు చేయనిస్తారు? అయినా ఆ నర్సు ఆగి ఎదురుచూసిన చెంచా నా మనసులో నిలిచిపోయింది.

మన చిరుతిళ్ళ సంగతి చూడండి. తెలంగాణలో సొరకాయ తురిమి బియ్యప్పిండిలో కలిపి అప్పాలు చేస్తారు. వాటిని సొరకాయ అప్పాలనే అంటారు. వంకాయ బజ్జీ, అరటికాయ బజ్జీ, మిరపకాయ బజ్జీ, అన్నిటికీ కూరగాయ పేరే ముందు, ఆకారం కూడా దానిదే. దోసకాయ పప్పు, మెంతికూర రొట్టె, బీరపొట్టు పచ్చడి. హైదరాబాదు ముస్లింల పెళ్ళిళ్ళలో పెట్టే లుఖ్మీలో ఖీమా ఉంటుందని కొరకకముందే అందరికీ తెలుసు. బేకరీవాడు సైతం ఎగ్ పఫ్‌కీ వెజ్ పఫ్‌కీ ఆకారం మార్చి చేస్తాడు. కలపడం వేరు, దాచడం వేరు. పేరు చెప్పడంలో ఉంది తేడా. అలాగని పాతకాలపు వంటింటికి హారతి పట్టను. ఆ అప్పాలు కాల్చిన అమ్మమ్మ అందరూ తిన్నాక విరిగినవి తిన్నది. చలం 'బిడ్డల శిక్షణ' రాసి పిల్లల మీద పెద్దల పెత్తనాన్ని తూర్పారబట్టాడు. ఆ పుస్తకం చదివి తలూపిన తండ్రుల్లో ఎంతమంది ఆ పూట కూర తరిగారో ఎవరూ రాయలేదు.

ఇంకొక మనిషి ఈ కథలో కనబడకుండా ఉంది. చాలా ఇళ్ళల్లో ఆ క్యారెట్ తురిమేదీ, ఆ పాలకూర కడిగి ఏరేదీ, మిక్సీ జార్ తోమేదీ పనిచేసే అమ్మాయి. ఆమె పిల్లలు అంగన్‌వాడీలోనో, బడిలో మధ్యాహ్న భోజనంలోనో ఏం పెడితే అది తింటారని యజమానురాలు తన పిల్లలకి ఉదాహరణగా చెబుతుంది. వాళ్ళకి ఇష్టాయిష్టాలు లేవని కాదు, అడిగినవాళ్ళు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఈ అంకెలు చూపించి ఓవెన్ ఉన్న ఇళ్ళలోని తల్లుల్ని భయపెట్టడం కంటే, బడి కంచంలో గుడ్డు రోజూ పడేటట్టు చూడమని అడగడం సులువు. పఫ్ మధ్యలో నాలుగు గ్రాముల పాలకూరతో తీరే రక్తహీనత కాదది.

పఫ్‌లు చేయవద్దని నేను అనడం లేదు. చేయాలని సరదా ఉంటే చేయండి. క్యారెట్‌ని గుజ్జు చేయకుండా ముక్కలుగానే పెట్టండి, క్యారెట్ పఫ్ అని పేరు పెట్టండి. వద్దంటే వద్దననివ్వండి, రేపు మళ్ళీ పెట్టండి. ఇంట్లో ప్రతివాళ్ళకీ వద్దనడానికి రెండు కూరలు ఇచ్చి చూడండి, నాన్నకీ రెండే, అమ్మకీ రెండు. మిగతావి అందరి కంచాల్లోనూ అందరి ఎదుటా ఉండనివ్వండి. ఇక పిండి మడతల మధ్య అరగంట విరామాలు ఉంటాయి కదా. లేచి ఫ్రిజ్ తలుపు తెరిచి, ముద్ద తీసి, ఒత్తి, మడిచి, మళ్ళీ లోపల పెట్టడం నాలుగుసార్లు. ఆ నాలుగింట్లో రెండుసార్లు ఆయన్ని లేవమనండి. లేవకపోతే వీధి చివర బేకరీ తెరిచే ఉంటుంది, పిల్లకి ఏ పఫ్ కావాలో దాన్నే అడిగి తెమ్మనండి.